దీవెన పొందిన ఆయిల్ డబ్బా

ఆ డబ్బాను చేతికి తీసుకోగానే లిబోరియో దాని మెరుపు చూడలేదు, దాని మీద చెక్కిన బొమ్మా చూడలేదు. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. తర్వాత గోటితో పక్కన రెండుసార్లు కొట్టాడు. ఖాళీ బిందె మోగినట్టు మోగింది. గ్యారేజీ ముందు నిలబడ్డ పదిహేనుమంది నవ్వుమొహాలతో ఆయన ఏమంటాడా అని చూస్తున్నారు.

"ఎవడ్రా దీన్ని కొన్నది?" అన్నాడు లిబోరియో.

నవ్వులు ఆగలేదు. ఆయన పలకరింపే అంత. రొక్కసెర్రాలో పుట్టిన ప్రతివాడికీ లిబోరియో కోపం తెలుసు. అక్కడి కొండగాలి లాంటిది అది. తలుపులు కొట్టుకుంటాయి, బట్టలు ఎగిరిపోతాయి, దాన్ని పట్టించుకుని ఎవడూ ఇల్లు మారడు. అరవై నాలుగేళ్ల మనిషి, పొట్టి, మెడ లేదు, చేతులు మాత్రం ఇంకెవరివో తెచ్చి అతికించినంత పొడుగు. నలభై ఏళ్లుగా కారు తెచ్చినవాణ్ణి ముందు తిడతాడు, తర్వాత బానెట్ ఎత్తుతాడు. బ్రేకులు అరిగేదాకా తిరిగినవాణ్ణి హంతకుడంటాడు. చవక నూనె పోయించినవాణ్ణి కన్నతల్లికి విషం పెట్టినవాడంటాడు. సిసిలీ నడిబొడ్డున ఆ ఎండిన కొండల్లో ఇంజన్ల సంగతి ఆయనంత తెలిసినవాడు ఇంకొకడు లేడు కాబట్టి, అందరూ తిట్లు తిని, బండి బాగుచేయించుకుని పోతుంటారు.

"నేనే కొన్నాను బావా," అన్నాడు నున్సియో, వీధి చివర బార్ నడిపేవాడు. ఒక అడుగు ముందుకేసి ఛాతీ విరిచాడు. "కటానియా దాకా వెళ్లి తెచ్చాను. విమానాలకు వాడే అల్యూమినియం. వీధంతా కలిసి వేసుకున్నాం. మన అగాతాకి."

అగాతా నున్సియోకి అన్న కూతురు. లిబోరియోకి జ్ఞానపుత్రిక, అంటే బాప్తిస్మం నాడు తొట్టి దగ్గర ఆ పిల్లను ఎత్తుకున్నది ఆయనే. ఆ నాటి నుంచే ఈ ఇద్దరు మగవాళ్లూ ఒకరినొకరు బావా అని పిలుచుకోవడం, ఒకరినొకరు భరించడం మొదలైంది. అగాతాకిప్పుడు ఇరవై ఆరు. పొద్దున్నే బేకరీ వ్యాన్‌లో ఊరంతా రొట్టెలు వేస్తుంది. మిగిలిన సమయమంతా లిబోరియో గ్యారేజీలో ఉన్న చిన్న ఎర్ర టర్బో కారు కింద దూరి ఉంటుంది. ఆ కారుకు ఎనిమిది నెలలు కూర్చుని లిబోరియో ఇంజను కట్టాడు. ఆదివారం కొండెక్కే పందెం. కింద వంతెన దగ్గర మొదలై పైన కన్యాస్త్రీల మఠం దాకా ఆరు కిలోమీటర్లు. నిమిషానికొక కారు, ఒక్కొక్కటే, గడియారంతో పోటీ. రొక్కసెర్రా నుంచి ఒక ఆడపిల్ల ఆ కొండెక్కడం ఇదే మొదటిసారి.

ఇక్కడ ఆ డబ్బా సంగతి చెప్పాలి. ఎంత బిగువుగా కట్టిన ఇంజనైనా ఊపిరి వదులుతుంది. పిస్టన్ల పక్కనుంచి కాస్త మంట కిందికి జారుతుంది, లోపలున్న నూనెను తుంపర చేసి పైకి తోస్తుంది. మామూలు కారు ఆ ఊపిరిని తానే మళ్లీ మింగుతుంది. పందెం కారుకు బలం రెట్టింపు చేస్తే ఊపిరీ రెట్టింపవుతుంది. అది మింగితే ఇంజను లోపల మసి పట్టి పాడవుతుంది, బయటికి వదిలేస్తే నూనె రోడ్డు మీద పడుతుంది. అందుకని గొట్టం చివర ఒక డబ్బా పెట్టి, ఊపిరిని అందులోకి పంపి, నూనెను అక్కడే దింపుకుని, ఉత్త గాలిని పైనుంచి వదులుతారు. మెకానిక్కులు దాన్ని క్యాచ్ క్యాన్ అంటారు. లిబోరియో మాత్రం ఆయిల్ డబ్బా అనే అంటాడు.

ఆ డబ్బా లోపల ఏముండాలో ఆయనకు బడిలో ఎవరూ చెప్పలేదు. ఆయన తండ్రి ఒలీవ గానుగలో పనిచేసేవాడు. ఆ దేశపు పాత గానుగల్లో అన్నిటికన్నా కింద ఒక గొయ్యి ఉంటుంది, దాని పేరు నరకం. నిజంగానే దాన్ని అలాగే పిలుస్తారు. పిండిన పళ్ల నుంచి వచ్చిన మురికినీళ్లు అందులోకి పోతాయి. ఒక అర నుంచి ఇంకో అరకు, అక్కడనుంచి ఇంకో అరకు, మెల్లగా, తొందరలేకుండా. నీళ్లు నిదానించిన చోటల్లా మిగిలిన నూనె తేలుతుంది. ఆ నూనె తినడానికి పనికిరాదు, దీపాలకు పోసేవారు. లోకంలో వెలుగు చాలాసార్లు అలాంటి చోటినుంచే వచ్చిందని పుస్తకాలు తిరగేసినవాడికి అనిపిస్తుంది గానీ, లిబోరియో అందులో చూసింది వేరు. గొయ్యికి అరలు లేకపోతే అది నరకం కాదు, ఉత్త గొయ్యి. నీళ్లు ఇటు దూకి అటు పోతాయి, నూనెనూ మోసుకుపోతాయి. డబ్బా అయినా అంతే. లోపల అడ్డుపలకలుండాలి, ఊపిరి వాటికి కొట్టుకుని, తిరిగి, అలసిపోవాలి.

"విమానాలకు వాడేదా?" అన్నాడు లిబోరియో. "విమానంలో దీన్ని దేనికి వాడతార్రా, వాంతి చేసుకోడానికా? లోపల ఏముందో చూశావా?"

"లోపలేముంటుంది బావా, డబ్బా అన్నాక ఖాళీగా ఉంటుంది."

"నీ తలకాయలాగా! ఇటు రా. ఈ మూతులు చూడు. నా చిటికెన వేలు పట్టడం లేదు. ఇంత సన్నటి గొట్టంలోంచి టర్బో ఊపిరి ఎలా పోతుంది? గొంతు నొక్కితే లోపల ఒత్తిడికి సీళ్లు తన్నుకుని వస్తాయి. కిందనుంచి నూనె వదలడానికి కుళాయి ఏది? ఎంత నిండిందో కనబడే కిటికీ ఏది? రెండు లీటర్లు పట్టాలని రూలు. దీన్లో ఒక్కటి కూడా పట్టదు. తీసుకెళ్లి మీ బార్‌లో కాఫీ పొడి పోసుకో."

నవ్వులు ఇప్పుడు ఆగాయి. పంచదారలో వేయించిన బాదం పప్పులు పొట్లంలో పట్టుకుని అందరికీ పంచడానికి సిద్ధంగా ఉన్న మిఠాయి దుకాణం ముసలమ్మ, పొట్లం మెల్లగా సంచిలో పెట్టేసుకుంది.

"బొమ్మ చూడు కనీసం," అన్నాడు నున్సియో గొంతు తగ్గించి.

లిబోరియో డబ్బా తిప్పాడు. పునీత బార్బరా. చేతిలో బురుజు, కాళ్ల దగ్గర పిడుగు. ఊళ్లో గంధకపు గనులు నడిచిన రోజుల నుంచీ ఆమే ఆ ఊరి రక్షకురాలు. మంటలకూ పేలుళ్లకూ ఆమె అడ్డం. చెక్కినవాడెవడో మంచి పనివాడే, ముఖంలో చిరునవ్వు కూడా పడింది.

"వెనక్కిచ్చెయ్. డబ్బా సంగతి నేను చూసుకుంటాను. నన్నడక్కుండా ఏదీ కొనొద్దని మూడుసార్లు చెప్పాను."

"ఇవ్వడం కుదరదు."

"ఏం, కొట్టువాడు చచ్చాడా?"

"దీవెన అయిపోయింది బావా," అన్నాడు నున్సియో. "మొన్న ఆదివారం పూజలో పీఠం మీద పెట్టించాం. ఫాదర్ ఎరాజ్మో పవిత్ర జలం చల్లాడు. వీధి ఆడవాళ్లందరూ ముద్దుపెట్టుకున్నారు."

లిబోరియోకి అరికాలి మంట నెత్తికెక్కింది. దీవించిన వస్తువును ఆ ఊళ్లో అమ్మరు, చెత్తలో వెయ్యరు, పాత ఇనపసామానుకు ఇవ్వరు. విరిగిపోతే మట్టిలో పాతిపెడతారు. చేతనైతే చచ్చేదాకా దాచుకుంటారు. కొలతలు అడగకుండా, కొనాలా వద్దా అని ఒక్క మాట కూడా అడగకుండా, తిన్నగా దాన్ని దేవుడి దగ్గరికి మోసుకుపోయారు. ఇప్పుడు దాన్ని కాదన్నవాడు నున్సియోని కాదన్నవాడు కాడు, వీధిని కాదన్నవాడు, పునీత బార్బరాని కాదన్నవాడు.

"అంటే నా దగ్గరికి రావడానికి ముందే దేవుడి దగ్గర సంతకం పెట్టించుకుని వచ్చారన్నమాట," అన్నాడు పళ్లు కొరుకుతూ. "ఆ ఫాదరుకి గొట్టం సైజు తెలుసా? ఇంజను ఆయన కట్టాడా?"

గుంపులో ఇద్దరు ఆడవాళ్లు శిలువ గుర్తు వేసుకున్నారు.

"నోరు అదుపులో పెట్టుకో," అన్నాడు నున్సియో, వాడికీ ఎక్కుతోంది. "రూలు సంగతి నాకొదిలెయ్. శనివారం బండ్లు చెక్ చేసేది మా తోడల్లుడు. చూసీ చూడనట్టు స్టిక్కరు అంటిస్తాడు. మాట అయిపోయింది."

అదే అనకూడని మాట. అంతదాకా లిబోరియో కోపం మామూలు కోపమే. చెక్ చేసేవాడు పట్టుకుంటాడు, తిప్పి పంపుతాడు, నున్సియో మొహం మాడుతుంది, అంతటితో సరి అని లోపల ఒక మూల అనుకుంటూనే ఉన్నాడు. ఇప్పుడు ఆ తలుపూ మూసుకుంది. ఇక ఆ డబ్బాకూ కొండరోడ్డుకూ మధ్య మిగిలింది తనొక్కడే.

"ఇది పెడితే ఈ కారు నా గుమ్మం దాటదు," అన్నాడు. గొంతు పెంచలేదు.

"కారు నీది కాదు బావగారూ."

"ఇంజను నాది."

"కారు నాది," అంది వెనకనుంచి అగాతా. బేకరీ వ్యాన్ దిగి ఎప్పుడొచ్చి నిలబడిందో, జుట్టు మీద పిండి అలాగే ఉంది. "ఇద్దరూ నోళ్లు ముయ్యండి. వంతెన దాకా వినిపిస్తున్నారు."

డబ్బా తీసుకుని చూసింది. ఆమెకు అర్థమైందని లిబోరియోకి తెలుసు. ఆ పిల్లకు ఇంజన్ల గురించి నేర్పింది తనే. మూతిలో వేలు పెట్టి చూసింది, పెదవి కొరుక్కుంది. తర్వాత గుంపు వైపు చూసింది. మిఠాయి ముసలమ్మ, చెప్పులు కుట్టే బిర్నాబో, ముందు వరసలో ముగ్గురు మేనత్తలు. రేపు పొద్దున ఆరింటికి వీళ్ల గుమ్మాల్లోనే రొట్టెలు పెట్టాలి.

"పెట్టేద్దాం పెదనాన్నా," అంది మెల్లగా. "ఒక్క ఆదివారమేగా. పైదాకా నాలుగు నిమిషాలు. నాలుగు నిమిషాల్లో ఏం నిండుతుంది? కారితే నాలుగు చుక్కలు కారతాయి."

"నాలుగు చుక్కలు," అన్నాడు లిబోరియో.

"తిట్టకండి. తిట్లు వద్దు. నాకు కారణం చెప్పండి. చుక్కలు పడితే ఏమవుతుంది? నేను ముందుకెళ్లిపోతాను కదా, నా చక్రాలకింద పడవు కదా."

లిబోరియో గోడకున్న స్పానర్ల వైపు తిరిగాడు. కోపిష్టి మనుషుల్లో రెండు రకాలు కనబడతారు. కోపం వచ్చినప్పుడల్లా తేలికపడేవాళ్లు ఒకరు. ఎంత తిట్టినా లోపలున్న ఒక్క మాట మాత్రం బయటికి రాకుండా, దానిచుట్టూ వెయ్యి మాటలు తిట్టేవాళ్లు ఇంకొకరు. ఈయన రెండో రకమని ఆయన భార్య ప్రొవిదెంసాకి పెళ్లయిన ఏడాదికే తెలుసు, ఆ మాటేమిటో మాత్రం తెలియదు. ఆమె మేడమీద వరండాలో టమాటాలు ఎండబెడుతూ కిందికి చూస్తోంది.

"కటాల్దో తెలుసుగా," అన్నాడు గోడకేసి మాట్లాడుతూ. "పక్క ఊళ్లో మంగలి."

"కుడిచెయ్యి పనిచేయని ఆయనా? తెలుసు. నెలనెలా మీరు గడ్డం గీయించుకోడానికి పోతారుగా." ఎవరో కిసుక్కున నవ్వారు. ఎడమచేత్తో గీసే మంగలి దగ్గరికి పద్దెనిమిది కిలోమీటర్లు పోయి చుబుకం మీద గాట్లు పెట్టించుకుని రావడం ఊళ్లో పాత జోకు.

"వాడి చెయ్యి ఎలా పోయింది?"

"వానలో కారు జారి మఠం గోడకి గుద్దుకుందంటారు. పందెంలో."

"వాన పడలేదు," అన్నాడు లిబోరియో. "ఇరవై తొమ్మిదేళ్ల కిందట. నేనూ తోలాను ఆ రోజు. నాకు ఆయిల్ డబ్బా లేదు. నీళ్ల ప్లాస్టిక్ సీసా తీగతో కట్టాను. లోపల అడ్డం లేదు, అరలు లేవు, నీ బాబాయి తెచ్చిన ఈ డబ్బాలాగే. మఠం మలుపులో నా వెనక ఏదో చిట్లినట్టు వినిపించింది. అద్దంలో చూశాను. రోడ్డు మీద నల్లగా గీత. ఆగలేదు. నా టైము బాగుంది, ఆగలేదు. నాలుగు చుక్కలే. వాడు నా తర్వాతి కారు."

వరండాలో ప్రొవిదెంసా చేతిలోని పళ్లెం కింద పెట్టింది.

"నీ చక్రాలకింద పడవమ్మా," అన్నాడు లిబోరియో, ఇప్పుడు తిరిగి. మొహం ఎర్రగా కందిపోయి ఉంది. "పడవు. నీకేం కాదు. అదే దీనిలో ఉన్న దరిద్రం."

నున్సియో గొంతు సవరించుకున్నాడు. "అప్పటి సంగతి వేరు బావా. ఇది దీవెన పొందింది. బార్బరమ్మ చూసుకుంటుంది."

"ఆమె ఎందుకు చూసుకోవాలి, నేను చెయ్యని పని?" అని అరిచాడు లిబోరియో. రంపం తీశాడు, కొయ్యబల్ల పట్టులో డబ్బా బిగించాడు. రంపం పళ్లు అల్యూమినియం మీద ఆనించాడు. అక్కడే ఆగిపోయాడు. చిరునవ్వు ముఖం ఆయనవైపే ఉంది. ఎవర్నైనా ఎన్నైనా అనగలిగిన మనిషి చెయ్యి ఆ బొమ్మ ముందు కదలలేదు. అది ఆయనకు ఇంకా కోపం తెప్పించింది.

"బార్బరమ్మ తల నరికించుకున్న మనిషి," అంది పైనుంచి ప్రొవిదెంసా. ఊళ్లో రోజూ పూజకు వెళ్లేది ఆమె ఒక్కతే. "సొంత తండ్రే నరికాడు. రంపానికి భయపడే ఆడది కాదులే. కానివ్వండి."

అగాతా ముందుకొచ్చి, లిబోరియో చేతిలోంచి రంపం తీసుకుంది. డబ్బా తిప్పి బిగించింది, బొమ్మ అటుపక్కకు పోయేలా. కోసింది. అల్యూమినియం మెత్తన, ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. రెండు చెక్కలూ విడదీసి గుంపు వైపు పట్టుకుంది. లోపల ఏమీ లేదు. పలక లేదు, జల్లెడ లేదు, ఒక గుడ్డపేలిక కూడా లేదు.

ఒక్కొక్కరే వెళ్లిపోయారు. నున్సియో రెండు చెక్కలూ చేతిరుమాల్లో చుట్టుకుని, చచ్చిన పిట్టను మోసుకుపోయినట్టు మోసుకుపోయాడు.

ఆ మాట పక్క ఊరు చేరడానికి ఎంతసేపు పడుతుందో లిబోరియోకి తెలుసు. మర్నాడు గురువారం పొద్దున్నే, దానికంటే ముందు తానే చేరాలని బయల్దేరాడు. కటాల్దో దుకాణానికి వెళ్లి గడ్డం కుర్చీలో కూర్చున్నాడు. కటాల్దో ఎప్పట్లా ఎడమచేత్తో మొహానికి సబ్బు పూశాడు, కత్తి నూరాడు, ఒక చెంప గీశాడు. అప్పుడు చెప్పాడు లిబోరియో.

కత్తి ఆగింది.

"వాన పడలేదని నాకు తెలీదనుకున్నావా?" అన్నాడు కటాల్దో. "రోడ్డు మీద పడ్డది నేను. చొక్కాకి నూనె వాసన వారం రోజులు పోలేదు. ఎవడిదో తెలీలా. నాకు ముందు పదకొండుమంది వెళ్లారు. నిన్నొక్కణ్ణి తప్ప అందరినీ అసహ్యించుకున్నాను. పెళ్లిళ్లకు పిలిస్తే వెళ్లలేదు. గిరోలామో చచ్చిపోతే శవం చూడ్డానికి కూడా వెళ్లలేదు, వాడే అనుకుని. ఇప్పుడు ఆ పదిమందికీ నేనేం చెప్పాలి?"

లిబోరియో అద్దంలోకి చూశాడు. అక్కడ కనబడిన రెండు మొహాల్లో ఏది ఎక్కువ కోపంగా ఉందో చెప్పడం కష్టం.

"నెలనెలా వచ్చి ఇక్కడ కూర్చున్నావు. గాటు పెడితే ఊరుకున్నావు. మంచివాడివనుకున్నాను. లే."

"కటాల్దో..."

"కుర్చీ ఖాళీ చెయ్యి. రెండో చెంప ఇంటికెళ్లి గీసుకో."

శుక్రవారం పొద్దున అగాతా, లిబోరియో కలిసి అసలు డబ్బా బిగించారు. అది పోయిన నెలలోనే ఆయన పాలెర్మో వెళ్లి పది దుకాణాలు తిరిగి, పదిమందితో దెబ్బలాడి ఎంచుకున్నది. అగాతా ఒప్పుకునేదాకా ఆమెకు చూపించలేదు, అంత అందవికారంగా ఉంటుంది. నల్ల రంగు, ఆసుపత్రి సామాను ఆకారం. రెండు లీటర్లు పడుతుంది. బొటనవేలు దూరేంత మూతులు. లోపల మూడు పలకలు, వాటి మధ్య ఉక్కు వల. ముందు నిలువుగా ఒక కిటికీ, అడుగున కుళాయి. ఇంజను వేడి తగలకుండా దూరంగా, బరువుకు ఊగకుండా రెండు పట్టీలతో కట్టారు. పని చేస్తున్నంతసేపూ లిబోరియో తిడుతూనే ఉన్నాడు. బోల్టును తిట్టాడు, పట్టీని తిట్టాడు, సగం గీసిన గడ్డం దురదపెడితే దాన్నీ తిట్టాడు. ఆ రెండు రోజులూ వీధిలో సగం ఇళ్లు రొట్టెలు వద్దన్నాయి.

శనివారం నున్సియో తోడల్లుడు కారు చూశాడు. మొహం చిట్లించుకుని స్టిక్కరు అంటించాడు. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.

ఆదివారం అగాతా రెండుసార్లు కొండెక్కింది. లిబోరియో వంతెన దగ్గర లేడు, పైన గమ్యం దగ్గరా లేడు. గమ్యానికి కాస్త కింద, మఠం మలుపులో గడ్డిమోపుల వెనక నిలబడ్డాడు. ఎర్రకారు అరుస్తూ వచ్చి, వెనక చక్రం కాస్త జారి, సర్దుకుని, పైకి పోయింది. ఆయన కారును చూడలేదు. అది పోయాక రోడ్డును చూశాడు. తర్వాతి కారు వచ్చేదాకా, తారు మీదనుంచి కళ్లు తియ్యకుండా, గుప్పిళ్లు బిగించుకుని చూశాడు. రెండోసారి కూడా అంతే. రోడ్డు పొడిగా ఉంది.

తన కార్ల తరగతిలో అగాతా ఐదో స్థానంలో వచ్చింది. సాయంత్రం చర్చి ముందు చౌకులో కార్లన్నీ బానెట్లు ఎత్తి వరసగా నిలబడ్డాయి. చుట్టూ జనం, వేయించిన శనగపిండి అప్పచ్చుల వాసన, బ్యాండు మేళం. మిగతా కార్ల ముందు గుంపులున్నాయి. ఎర్రకారు ముందు అగాతా, లిబోరియో, కుర్చీ తెచ్చుకుని కూర్చున్న ప్రొవిదెంసా, అంతే.

నున్సియో పండగ బట్టల్లో వచ్చాడు. అడుగున తోలు వేసిన కొత్త బూట్లు. వెనక నలుగురైదుగురు, మేనత్తలూ పక్కింటివాళ్లూ. ఆ నల్ల డబ్బావైపు చూశాడు.

"ఇదేనా ఆ మహానుభావుడు? ఎంత పట్టాడేంటి?"

లిబోరియో డబ్బా కింద ఖాళీ కాఫీ గ్లాసు పెట్టి కుళాయి తిప్పాడు. నల్లటి నూనె సన్నగా దిగింది. గ్లాసులో మూడొంతులు నిండి ఆగిపోయింది.

"ఇంతేనా!" అన్నాడు నున్సియో, వెనక్కి తిరిగి అందరికీ వినపడేలా. "ఈ కాఫీగ్లాసుడు కోసమా బావా వీధి పరువు రంపంతో కోశావు? దీంతో మా ఆవిడ కుట్టు మిషను కూడా తడవదు."

ఎవరో నవ్వారు. లిబోరియో నవ్వినవాడివైపు చూడలేదు. గ్లాసు తీసుకుని, నున్సియో బూట్లకు ఒక అడుగు ముందు, చౌకులోని నల్లరాతి మీద వంచేశాడు. వందల ఏళ్లు మనుషులు నడిచి నడిచి నున్నబడ్డ లావా రాయి అది, చర్చి మెట్లవైపు కాస్త వాలుగా ఉంటుంది. నూనె పలచగా పరుచుకుంది.

"నడు," అన్నాడు.

నున్సియో నవ్వబోయాడు.

"నడవరా. ఇంతేగా. నాలుగు నిమిషాలు వద్దు, నాలుగు అడుగులు నడు. పరుగెత్తక్కర్లేదు. మెల్లగా నడు. పడితే పడతావు, ఏమవుతుంది? కుడిచెయ్యి కింద పెట్టుకుని పడు."

బ్యాండువాళ్లు పాట ముగించి ఇంకోటి మొదలుపెట్టారు. నున్సియో తన బూట్లవైపు చూసుకున్నాడు, రాతివైపు చూశాడు. ఒక కాలు ఎత్తాడు కూడా. మళ్లీ దించి, చుట్టు తిరిగి, చర్చివైపు వెళ్లిపోయాడు. వెనక ఉన్నవాళ్లూ అదే దారిన చుట్టు తిరిగి వెళ్లారు. ఒక్కరూ దాని మీద కాలు పెట్టలేదు.

లిబోరియో జేబులోంచి గుడ్డ తీసి మోకాళ్ల మీద కూర్చున్నాడు. నోట్లో నోట్లో తిట్టుకుంటూ రాయి తుడిచాడు. అరచెయ్యి పెట్టి రుద్ది చూశాడు. ఇంకా జారుతోంది. గుడ్డ మడతమార్చి మళ్లీ తుడిచాడు.